మా జిల్లాలో పాట అమ్మాలనుకుంటున్న కంపెనీల వారికి ఒక బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

సెల్‌ఫోన్‌లో కొత్త మ్యూజిక్ సర్వీసు పెట్టాలని చూస్తున్న కంపెనీల యాజమాన్యాలకూ, వాళ్లతో కలిసి ప్యాకులు కట్టే టెలికం కంపెనీల అధికారులకూ కావలిలో సెల్ షాపు నడుపుకుంటున్న ఒక మనిషి నమస్కరించి రాస్తున్న ఉత్తరం ఇది.

ఈమధ్య ఒక కంపెనీ తరఫున ఇద్దరు పిల్లలు ట్యాబులు పట్టుకుని మా బజారులో సర్వే చేశారు. మర్యాదస్తులు, ఎండలో ఓపిగ్గా తిరిగారు. కానీ వాళ్లకిచ్చిన ప్రశ్నలే చాలా తక్కువ. పాటల కోసం నెలకు ఎంత పెట్టగలరు? 49, 99, 149. ఏదో ఒక గడి మీద టిక్కు పెట్టాలి. పెట్టలేం అనడానికి ఇంకో గడి. మా కస్టమర్లలో చాలామంది ఆ ఆఖరి గడి మీదే వేలు పెట్టారు. మీ ఆఫీసులో ఆ లెక్క చూసి, నెల్లూరు, ప్రకాశం వాళ్లు పాటకు డబ్బు పెట్టరని రాసుకుంటారేమోనని నా భయం. అది నిజం కాదు. అందుకే ఈ లేఖ. మీ సర్వీసు నిలబడితే నా కౌంటరుకూ నాలుగు బేరాలు వస్తాయి, ఆ స్వార్థం దాచుకోను. అంతకంటే ఎక్కువగా, పాట విని బతికే జనం మధ్య ఉన్నవాణ్ణి కాబట్టి, మంచి సర్వీసు ఒకటి ఇక్కడ నాలుగు కాలాలు నడవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మా జనం పాటకు ఎప్పుడూ డబ్బు పెడుతూనే ఉన్నారు. క్యాసెట్ కొన్నారు. సీడీ కొన్నారు. తర్వాత చిన్న మెమరీ కార్డు తెచ్చి, పదో ఇరవయ్యో ఇచ్చి, రెండు జీబీ నిండా పాటలు ఎక్కించుకున్న కాలం ఒకటి నడిచింది. అది చట్టం ఒప్పని పని. పాట రాసినవాడికి, కట్టినవాడికి, పాడినవాడికి అందులో ఒక్క పైసా చేరలేదు. ఆ పద్ధతి మళ్లీ రావాలని నేను అనను. కానీ ఆ బేరంలో ఏముందో మీరు చూడాలి. మనిషి ఎదురుగా నిలబడి "ఘంటసాలవి ఎక్కించు, వానపాటలు ఎక్కించు, మా చర్చి పాటలు మర్చిపోవాకు" అని చెప్పేవాడు. ఎంతవుతుందో ముందే తెలిసేది. ఇచ్చేది ఒక్కసారే. ఇంటికెళ్లాక ఆ పాట వాడిదే. రేపు పొద్దున్నే వాడి జేబులో నుంచి ఎవరూ ఇంకో రూపాయి తీసుకునేవాళ్లు కాదు. గిరాకీ ఉంది, పాటకు ఇంతిద్దాం అన్న మనసూ ఉంది. పోయింది నమ్మకం. అది ఎలా పోయిందో చెప్తాను, ఎందుకంటే కొత్త సర్వీసు ఏదైనా ముందు కట్టాల్సింది ఆ పాత బాకీయే.

కాలర్ ట్యూన్లు వచ్చిన కొత్తలో జనానికి ఎంత ముచ్చటో. ఫోన్ చేస్తే ట్రింగ్ ట్రింగ్ బదులు పాట వినపడేది. అవతలివాళ్ల పాట నచ్చితే స్టార్ నొక్కండి, మీకూ వస్తుంది అని ఒక గొంతు చెప్పేది. నొక్కినవాళ్లు నొక్కారు. దానికి నెలకింత అద్దె, పాటకింత ధర ఉంటాయని చాలామందికి తెలియదు. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఫోన్ తెర మీద తనంతట తానే ఒక మెసేజ్ పెట్టె తెరుచుకునేది, కింద ఓకే అని ఉండేది. దాన్ని పోగొట్టుకోవడానికి ఓకే నొక్కితే సర్వీసు మొదలు, బ్యాలెన్స్‌లో కోత మొదలు.

అల్లూరు వైపు నుంచి ఒక పెద్దామె మా షాపుకు వచ్చేది. కొడుకు గల్ఫ్‌లో ఉండేవాడు. అతని ఫోన్ కోసమే ఆమె దగ్గర ఆ చిన్న బటన్ల ఫోన్ ఉండేది. దాన్ని చేతిరుమాల్లో చుట్టి, రొంటిన దోపుకుని వచ్చేది. ఒకరోజు కౌంటర్ మీద ఆ మూట విప్పి, "ఏంది అబ్బయ్యా, మొన్న వేయించిన డబ్బులు ఏమైపోయినాయి? నేనేం మాట్లాడలా, ఏం నొక్కలా" అంది. చూస్తే పాటల సర్వీసుకు ముప్పై రూపాయలు కట్ అయింది. ఆమెకు ఆ పాట వినపడే దారే లేదు, ఎందుకంటే కాలర్ ట్యూన్ వినేది అవతల ఫోన్ చేసినవాళ్లు. తాను వినని పాటకు ఆమె ముప్పై రూపాయలు కట్టింది. కస్టమర్ కేర్‌కు చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటూ తిప్పింది. ఆపించాం గానీ డబ్బు వెనక్కి రాలేదు. ఆమె నన్నేమీ అనలేదు. తర్వాత నుంచి మాత్రం ఫోన్‌లో మోగే ఏ పాటనైనా చూసి "అది నొక్కబాకండి నాయనా, డబ్బులు లాగేస్తది" అని పక్కనున్న పిల్లలకు చెప్పేది. ఆ మాట ఊరంతా పాకింది. ఒక్క అల్లూరే కాదు, బిట్రగుంట నుంచి కనిగిరి దాకా ఇలాంటి కథ లేని వీధి లేదు.

ఈ కోతలు ఎంత పెరిగాయంటే టెలికం కంపెనీల మీద నిఘా ఉండే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ కలగజేసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి సర్వీసు మొదలుపెట్టే ముందు కస్టమర్ దగ్గర రెండుసార్లు సమ్మతి తీసుకోవాలని 2013 జులైలో ఆదేశం ఇచ్చింది. ఆపుకోవడానికి 155223 అని అన్ని కంపెనీలకూ ఒకే నంబరు కూడా ఉంది. మంచి నియమాలే. కానీ నియమం వచ్చేసరికే మా జనం మనసులో పాట సర్వీసు అంటే డబ్బు లాగే యంత్రం అని పడిపోయింది. ఇప్పుడు మీరు కొత్త పేరుతో, కొత్త రంగుల బొమ్మతో వచ్చి మొదటి నెల ఉచితం, కార్డు వివరాలు ఇవ్వండి, ఆటోపే (గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) ఆన్ చేయండి అంటే వాళ్లకు గుర్తొచ్చేది ఆ ఓకే బటనే. ఆటోపేలో డబ్బు తీసుకునే ముందు 24 గంటల ముందుగా చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నియమం 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. చెప్తున్నారు కూడా. ఇంగ్లీషు మెసేజ్‌లో. రోజుకు ముప్పై మెసేజ్‌లు వచ్చే ఫోన్‌లో దాన్ని ఎవరు చదువుతారు?

కాబట్టి నా మొదటి మనవి ఇదే. మా దగ్గర ఆటోపే లేకుండా అమ్మండి. ఇన్ని రోజులకు ఇంత. గడువు అయిపోతే పాట ఆగుతుంది, డబ్బు కోత ఉండదు. మళ్లీ కావాలంటే మళ్లీ వేయించుకుంటాడు. ఈ ఒక్కటి పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, మొదటి తెర మీదే పెట్టండి. ఆటోపే లేకపోతే కస్టమర్ జారిపోతాడని మీ వాళ్లు అంటారు, నాకు తెలుసు. మర్చిపోయి కట్టే డబ్బు మీద నడిచే వ్యాపారం పట్నంలో చెల్లుతుందేమో. ఇక్కడ ఒక్కడికి ఒక్కసారి తెలియకుండా కట్ అయితే, ఆ సాయంత్రానికి టీ అంగడి దగ్గర పదిమందికి తెలుస్తుంది.

రెండోది, నెల చందా అనే ఆలోచనే మా బతుకులకు సరిపోదు. మీ సర్వే పిల్లలు మాట్లాడినవాళ్లలో నెల జీతం తీసుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? మా వైపు డబ్బు నెలకొకసారి రాదు. వరి కోతలప్పుడు ఒక ఊపు వస్తుంది. రొయ్యల గుంటలు పట్టినప్పుడు, అంటే మూడు నాలుగు నెలలకొకసారి, వైరస్ రాకపోతే వస్తుంది. కొండపి, టంగుటూరు, కలిగిరి, డీసీపల్లి వైపు పొగాకు వేలం మొదలైతే వస్తుంది. పొదలకూరు, గూడూరు నిమ్మ తోటల్లో రేటు ఒకరోజు ఆకాశంలో, ఇంకోరోజు కోత కూలికి కూడా రాకుండా ఉంటుంది. చీమకుర్తి క్వారీల్లో, బేల్దారి పనుల్లో ఉన్నవాళ్లకు వారం కూలి. ఆటో తోలేవాళ్లకు రోజు డబ్బు. వీళ్లందరి జేబులో ఒకేసారి రూ.99 తీసి పాట కోసం పక్కన పెట్టే రోజు నెలలో రెండు మూడు కంటే ఉండదు. కానీ పది రూపాయలు ఎప్పుడూ ఉంటాయి. షాంపూ సీసా కొనని ఇంట్లో కూడా షాంపూ ప్యాకెట్ ఉంటుంది కదా, పాటకూ అదే దారి.

పైగా ఫోన్ ఖర్చే ఇప్పుడు భారంగా మారింది. 2024 జులైలో ప్రైవేటు టెలికం కంపెనీలన్నీ రేట్లు పెంచాయి. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాకు జియోలో రూ.239 నుంచి రూ.299 అయింది. ఇంట్లో మూడు ఫోన్లుంటే తొమ్మిది వందలు. దాని మీద పాటకు ఇంకో వంద అంటే ఇంటి ఆడవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం.

మీ వైపు లెక్క కూడా నేను వేసి చూశాను, కంపెనీ ధర్మసత్రం కాదని నాకు తెలుసు. రూ.99లో 18 శాతం జీఎస్టీ తీసేస్తే మీకు మిగిలేది రూ.84 లోపు. అందులో మూడింట రెండు వంతులు పాటల హక్కులున్నవాళ్లకు పోతాయనుకుందాం, ఈ వ్యాపారంలో అటూఇటూగా నడిచే లెక్క అదే. రూ.56 పోయి రూ.28 చేతిలో ఉంటుంది. సర్వర్లు, జీతాలు, ప్రచారం అన్నీ దాంట్లోనే. 2008లో సర్వీసు మొదలుపెట్టిన స్పాటిఫై అంతటి కంపెనీ ఒక పూర్తి ఏడాదికి లాభం చూపించింది 2024లోనే, అదే మొదటిసారి. ఇది సన్నటి లాభం మీద, పెద్ద సంఖ్య మీద నడిచే వ్యాపారం. అలాంటప్పుడు మా జిల్లాల్లో వందమందిలో ముగ్గురి చేత రూ.99 కట్టించుకుంటే వచ్చేది రూ.297. అదే వారానికి పది రూపాయల చొప్పున పదిహేనుమంది వేయించుకుంటే నెలకు రూ.600. ముగ్గురు, పదిహేనుమంది అన్నది నా ఊహే. కానీ ఇరవై ఏళ్లుగా ఏ రీచార్జ్ ఎవరు అడుగుతారో చూస్తున్నవాడి ఊహ. చిన్న మొత్తాలకు వసూలు ఖర్చు ఎక్కువ అవుతుందని ఒకప్పుడు అనేవాళ్లు. యూపీఐ మీద 2020 జనవరి నుంచి ఎండీఆర్, అంటే వ్యాపారి దగ్గర తీసుకునే రుసుము, లేదు, పది రూపాయలు తీసుకున్నా కోత ఉండదు. యూపీఐ లేనివాళ్లకు మేమున్నాం. షాపులో పది రూపాయలు చేతికిస్తే వాళ్ల నంబరుకు వారం పాటలు పడేలా చేయండి. మాకు వందకు మూడు రూపాయలిచ్చినా చాలు. ఫోన్‌పేలు వచ్చాక కుర్రాళ్లు రీచార్జ్‌కు షాపుకు రావడం మానేశారు గానీ, పెద్దవాళ్లు, బటన్ల ఫోన్లవాళ్లు ఇంకా మా దగ్గరకే వస్తారు. వాళ్లు నమ్మేది యాప్‌ను కాదు, ఎదురుగా కూర్చున్న మనిషిని.

మీకంటే ముందు వచ్చినవాళ్ల సంగతి కూడా చూడండి. 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ ఫ్లైట్ అనే పాటల అంగడి తెరిచింది, పాటకింత అని ఎంపీ3లు అమ్మింది. 2013 జూన్‌కల్లా మూసేసింది. ధింగానా అనే సర్వీసు 2014లో పాటల హక్కులున్న టీ-సిరీస్‌తో ఒప్పందం పునరుద్ధరణ కాక మూతపడింది. ఎయిర్‌టెల్ వారి వింక్ 2014లో వచ్చింది, కోట్లమంది ఫోన్లలో ఉండేది, 2024లో ఆపేస్తున్నామన్నారు. రెస్సో అనే పాటల యాప్ 2020లో వచ్చి 2024 జనవరితో వెళ్లిపోయింది. గానా 2022లో ఉచితం తీసేసి డబ్బు కట్టినవాళ్లకే అంది, ఆ మరుసటేడు ఆ వ్యాపారం రూ.25 లక్షలకు చేతులు మారిందని పత్రికల్లో చదివి నాకు మనసంతా ఎలాగో అయింది. ఎన్ని లక్షల ఫోన్లలో మోగిన పేరది! ఇవన్నీ చేతకానివాళ్లు నడిపిన సర్వీసులు కావు. ఉచితంగా అలవాటు చేసి, తర్వాత ఒక్కసారిగా పెద్ద చందా అడగడం అనే దారిలోనే చిక్కుంది. ఒకవైపు సున్నా, ఇంకోవైపు 99. మధ్యలో మెట్లే లేవు.

ఇవి మూతపడినప్పుడు నా దగ్గరకు వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, నేను డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ఏవి?" అవి వాళ్ల యాప్‌లో తాళం వేసి ఉన్నవి, యాప్ పోతే అవీ పోయినట్టే. తను పేర్చుకున్న లిస్టు, అమ్మకు ఇష్టమైనవి, పెళ్లినాటివి, అన్నీ ఒక్కరోజులో పోతాయి. మీ సర్వీసు ఏనాడైనా ఆగిపోతే కనీసం ఆ పాటల పేర్ల జాబితా అయినా కస్టమర్ చేతికి ఇస్తామని ముందే రాసివ్వండి. నెలలు గడిచాక కాదు, అమ్మే రోజునే.

ఇక పాట ఎక్కడ, ఎప్పుడు వింటారో ఒకసారి వచ్చి చూడండి. పగలు ఆఫీసుల్లో చెవుల్లో పెట్టుకుని వినేవాళ్లు మా దగ్గర తక్కువ. రాత్రి రొయ్యల గుంటల కాపలాకు వెళ్లండి. నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతుంటాయి, ఆ హోరులో మామూలు ఫోన్ శబ్దం వినపడదు. కాపలా మనిషి షెడ్డు గుంజకు మేకు కొట్టి, ఉప్పు గాలి తగలకుండా ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి దానికి తగిలిస్తాడు. పక్కనే చిన్న బ్లూటూత్ స్పీకర్. కరెంటు పోతే వెంటనే లేచి జనరేటర్ వేయాలి, లేకపోతే రొయ్య చచ్చిపోతుంది. అందుకని నిద్ర పట్టకూడదు. వాడికి పాట తోడు. పొగాకు బ్యారన్ల దగ్గర ఆకును వేడితో ఆరబెట్టే క్యూరింగ్ రోజుల్లోనూ ఇంతే, రాత్రంతా వేడి చూసుకుంటూ మేలుకోవాలి. వీళ్లు ఇప్పుడు యూట్యూబ్ పెట్టుకుంటున్నారు. వీడియో నడుస్తుంటే డేటా అయిపోతుంది, బ్యాటరీ అయిపోతుంది, స్క్రీన్ ఆపితే పాట ఆగిపోతుంది. స్క్రీన్ ఆపినా పాట వినాలంటే యూట్యూబ్‌కు నెలనెలా చందా కట్టాలి, యూట్యూబ్ ప్రీమియం ధర 2024లో నెలకు రూ.149 అయింది. మీ అవకాశం సరిగ్గా అక్కడే ఉంది. మామూలు నాణ్యతలో, అంటే 128 కేబీపీఎస్‌లో, పాట గంటకు 58 ఎంబీ కంటే ఎక్కువ తినదు, వీడియోకు దానికి ఎన్నో రెట్లు కావాలి. స్క్రీన్ ఆపినా తెల్లవార్లూ పాడే సర్వీసు, వారానికి పది రూపాయలు అని ఆ కాపలా మనిషికి చెప్పండి. అతను కొంటాడు. ఇది నేను ధైర్యంగా చెప్పగలను.

నెట్ లేని చోట్ల సంగతి మరీ ముఖ్యం. జువ్వలదిన్నె, కొత్తపట్నం నుంచి బోట్లు సముద్రంలోకి పోతే కొంత దూరానికే సిగ్నల్ ఉండదు. ఉదయగిరి కొండల పక్కన, గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్‌లో ఫోన్ మూగబోతుంది. లారీ డ్రైవర్లకు ఇది రోజూ అనుభవమే. ఒడ్డున ఉన్నప్పుడు ఎక్కించుకున్న పాట సముద్రంలో పాడాలి. మధ్యలో లాగిన్ అడగకూడదు, ఓటీపీ అడగకూడదు.

బటన్ల ఫోన్లవాళ్లను లెక్కలోంచి తీసేయకండి. డేటా అక్కర్లేనివాళ్ల కోసం మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పిందంటే, అలాంటివాళ్లు దేశంలో ఎందరున్నారో ఆలోచించండి. వాళ్లకు పాట అందించే దారి లేకపోలేదు. హిందుస్థాన్ యూనిలీవర్ 2013లో బీహార్, జార్ఖండ్‌లలో కాన్ ఖజూరా తేసన్ అని ఒకటి నడిపింది. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే వాళ్లే తిరిగి ఫోన్ చేసి పాటలు, కబుర్లు, మధ్యలో తమ ప్రకటనలు వినిపించేవాళ్లు. వినేవాడికి పైసా ఖర్చు లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. కరెంటే సరిగా లేని పల్లెల్లో అది పనిచేసింది. ఇప్పుడు ఫోన్ మాటలు అపరిమితం అయ్యాయి. అలాంటిది తెలుగులో ఒకటి పెట్టండి. సాయంత్రం ఆరు నుంచి పాత పాటలు, శనివారం భక్తి పాటలు, ఆదివారం పొద్దున క్రైస్తవ కీర్తనలు.

ప్రకటనలంటే గుర్తొచ్చింది. ఉచితంగా వినేవాళ్ల మీద మీకు డబ్బు రాదని అంటారు. ముంబైలో ప్రకటనలు కొనేవాళ్లు మా కనిగిరి చెవికి ఎంత ధర కడతారో నాకు తెలియంది కాదు. కానీ ఇక్కడి లోకల్ కేబుల్ టీవీలో తెర కింద పరుగెత్తే అక్షరాలు చూడండి. చీరల షాపు, నగల షాపు, జూనియర్ కాలేజీ, పళ్ల డాక్టరు, బోరుబావుల రిగ్గు. వాళ్లందరూ డబ్బు పెట్టేవాళ్లే. కావలి చుట్టూ పాతిక కిలోమీటర్లలో మాత్రమే, తెలుగులో, పండగ పదిరోజులు వినిపించే ప్రకటన ఒక చిన్న వ్యాపారి రెండు వేలకో మూడు వేలకో కొనుక్కునే వీలు కల్పించండి. దసరాకు ముందు మీకు ఖాళీ దొరకదు.

పాటల విషయానికి వస్తే, కోటి పాటలున్నాయని గొప్ప చెప్పకండి. అడిగిన పాట ఉందా లేదా అన్నదే లెక్క. తెలుగు సినిమా పాటల హక్కులు ఆదిత్య, లహరి, సరిగమ, మ్యాంగో, టీ-సిరీస్ అంటూ చాలా చేతుల్లో ఉన్నాయి. ఒక్కరితో బేరం తెగినా ఒక హీరో సినిమాలు సగం మాయమైపోతాయి. రేడియోకు ఉన్నట్టు, హక్కుదారు ఒప్పుకోకపోయినా చట్టం ప్రకారం వచ్చే లైసెన్సు ఇంటర్నెట్ సర్వీసులకు వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు వింక్‌కూ, టిప్స్ అనే పాటల కంపెనీకీ నడిచిన కేసులో చెప్పింది కూడా. కాబట్టి అందరితో మాట్లాడుకోకుండా బజారులోకి రాకండి. మా కస్టమర్ ఒక పాట అడుగుతాడు, దొరక్కపోతే ఇంకోటి అడుగుతాడు, అదీ లేకపోతే యాప్ తీసేయమంటాడు. మూడో అవకాశం ఉండదు.

వెతకడం కూడా మాటతోనే కావాలి, తెలుగులో. పాట పేరు ఎవరికీ తెలియదు. పల్లవిలో రెండు మాటలు తెలుస్తాయి, లేదంటే "శోభన్‌బాబు, వాణిశ్రీ, పడవలో పాడేది" అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాట కొట్టమంటే పదిమంది పది స్పెల్లింగులు కొడతారు.

సినిమా పాట ఒక్కటే కాదు. మా పల్లెల్లో కోలాటం జట్లున్నాయి, చెక్క భజన బృందాలున్నాయి. ఆడపిల్లలు, గృహిణులు సాయంత్రాలు గుడి ముందు ఫోన్‌లో పాట పెట్టుకుని అడుగులు నేర్చుకుంటారు. పాట మధ్యలో ప్రకటన వస్తే వలయం మొత్తం ఆగిపోతుంది. వాళ్లలో ఒక్కొక్కరు రూపాయి వేసుకున్నా జట్టంతటికీ వారం ప్యాకు వస్తుంది. మాలకొండ శనివారాలకు, జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలకు, పెంచలకోనకు, నెల్లూరు రొట్టెల పండగకు జనం ఎక్కే బస్సుల్లో, ట్రాక్టర్లలో ఏ పాటలు మోగుతాయో వినండి. చాలావరకు ఇక్కడివాళ్లు పాడినవే, చిన్న స్టూడియోల్లో రికార్డు చేసినవే. వాటిలో ఎక్కువ భాగం మీ పెద్ద యాప్‌లలో ఉండవు, ఉన్నా పాడినవాళ్ల పేరుండదు. ఒంగోలులోనో నెల్లూరులోనో ఒక ఆఫీసు పెట్టి, ఆ కళాకారులతో నేరుగా తెలుగులో ఒప్పందం రాసుకోండి. పాట ఎన్నిసార్లు మోగిందో వాళ్ల ఫోన్‌కే నెలనెలా మెసేజ్ పంపండి. వాళ్లే ఊరూరా మీ సర్వీసుకు ప్రచారం చేస్తారు.

పేర్ల గురించి ఇంకొక్క మాట. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిని మేం మా ఇంటి మనిషిగానే చెప్పుకుంటాం. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆయన పేరు మీ తెర మీద కనపడుతుంది, సంతోషం. కానీ ఆ పాట రాసిన కవి పేరు ఎక్కడ? ఆత్రేయ గారిది సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు. వెన్నెలకంటి గారిది నెల్లూరు. చాలా యాప్‌లలో పాట కింద హీరో బొమ్మ పెద్దగా ఉంటుంది, రాసినవాళ్ల పేరు వెతికినా దొరకదు, దొరికినా తప్పుగా ఉంటుంది. 2012లో కాపీరైట్ చట్టం మార్చి, పాట రాసినవాళ్లకూ కట్టినవాళ్లకూ రాయల్టీలో వాటా వదులుకోవడానికి వీల్లేని హక్కుగా ఇచ్చారు. హక్కు ఇచ్చిన దేశంలో పేరు కూడా వేయకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ప్రతి పాట కింద రచయిత, సంగీత దర్శకుడు, గాయకులు ముగ్గురి పేర్లూ తెలుగులో వేయండి. పాట వినేవాడు పది రూపాయలు ఎవరికోసం ఇస్తున్నాడో తెలిస్తే ఆ డబ్బు ఇవ్వడానికి మనసు వెనకాడదు.

చివరగా, ఎప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్తాను. పరీక్షల నెలల్లో రాకండి, ఇళ్లలో పిల్లల ఫోన్లు పెద్దవాళ్లు తీసేసుకుంటారు. వరి డబ్బులు చేతికొచ్చి, పొగాకు వేలం జోరుగా నడుస్తున్నప్పుడు, పెళ్లిళ్ల ముహూర్తాలు ఉన్నప్పుడు రండి. ముందు కావలి, కలిగిరి, కొండపి, చీమకుర్తి, ఈ నాలుగు చోట్ల మూడు నెలలు నడపండి. ఒకటి సెల్ షాపుల ఊరు, ఒకటి మెట్ట, ఒకటి పొగాకు, ఒకటి క్వారీ కూలి. ఏడు రోజులకు పది రూపాయలు, ఆటోపే లేదు, షాపులో డబ్బిచ్చి వేయించుకోవచ్చు అని గోడ మీద రాయించండి. ఫిర్యాదుకు తెలుగులో మాట్లాడే మనిషి ఎత్తే ఒక నంబరు పెట్టండి, పొరపాటున కట్ అయిన డబ్బు రెండు రోజుల్లో వెనక్కి వేయండి. మూడు నెలల తర్వాత మళ్లీ వేయించుకున్నవాళ్లు ఎంతమందో చూసి, ఆ లెక్క పట్టుకుని మిగతా మండలాలకు వెళ్లండి. మా బజారులో షాపులవాళ్లం ఈ ప్రయోగానికి సిద్ధంగా ఉన్నాం. కౌంటర్ మీద మీ బోర్డు పెట్టుకోవడానికి మేం అద్దె అడగం.

ఇట్లు,
ఒక సెల్ షాపు యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా